ఇన్సులిన్ లెక్క తేల్చిన రోజలిన్ యాలో

నెలసరి సరిగా రావడం లేదనో, గడ్డం మీద రోమాలు పెరుగుతున్నాయనో అమ్మాయిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. పీసీఓఎస్ అని తేలుతుంది. ఆ తర్వాత మీ ఇంట్లో తరచూ వినిపించే మాట ఇన్సులిన్ రెసిస్టెన్స్. ల్యాబ్ ప్యాకేజీల్లో ఫాస్టింగ్ ఇన్సులిన్, హోమా-ఐఆర్ వంటి పేర్లు కనిపిస్తాయి. రిపోర్టులో అంకె కాస్త ఎక్కువుంటే బెంగ. తక్కువుంటే ఇక భయం లేదన్న ధీమా. నిజానికి ఆ రెండూ పొరపాటే కావచ్చు.

రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో లెక్కపెట్టడం 1950ల దాకా దాదాపు అసాధ్యమైన పని. దాన్ని సుసాధ్యం చేసినవారిలో ఒకరు డాక్టర్ కూడా కాని ఒక భౌతికశాస్త్రవేత్త. పేరు రోజలిన్ యాలో. ఆమె జీవితం తెలిస్తే మీ చేతిలోని రిపోర్టు ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో కూడా తెలుస్తుంది.

పుస్తకాల్లేని ఇంట్లో పుట్టి...

రోజలిన్ సస్మన్ 1921 జులై 19న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి సైమన్ కాగితం, పురికొస అమ్మే చిన్న వ్యాపారి. తల్లి క్లారా నాలుగేళ్ల వయసులో జర్మనీ నుంచి అమెరికా వచ్చారు. ఇద్దరూ హైస్కూలు మెట్లెక్కలేదు. పిల్లలు మాత్రం కాలేజీకి వెళ్లి తీరాలన్నది వాళ్ల పట్టుదల. ఇంట్లో పుస్తకాలు లేవు. అందుకే రోజలిన్, ఆమె అన్న అలెగ్జాండర్ వారం వారం పబ్లిక్ లైబ్రరీకి వెళ్లేవారు. బడిలో చేరకముందే ఆమెకు చదవడం వచ్చేసింది.

ఫీజు కట్టనక్కర్లేని హంటర్ కాలేజీలో చేరి, ఫిజిక్స్ వైపు మొగ్గారు. అప్పుడే వచ్చిన మేరీ క్యూరీ జీవితచరిత్ర ఆమెను కట్టిపడేసింది. 1939లో కొలంబియా యూనివర్సిటీలో ఎన్రికో ఫెర్మీ అణువిచ్ఛేదన గురించి ప్రసంగించినప్పుడు, కిక్కిరిసిన ఆ హాల్లో ఎలాగో చోటు సంపాదించి విన్నారు. ప్రైమరీ స్కూలు టీచరైతే చాలు కదా అన్నది అమ్మ ఆలోచన. కూతురి మనసు అప్పటికే అణువుల మీద ఉంది.

స్టెనో పుస్తకాలు చింపేసి...

ఫిజిక్స్‌లో మంచి మార్కులున్నా పై చదువుకు సీటు దొరకడం తేలిక కాలేదు. ఆమె న్యూయార్క్ అమ్మాయి, యూదురాలు, పైగా ఆడపిల్ల. తర్వాత ఉద్యోగం వస్తుందని హామీ ఇస్తేనే చేర్చుకుంటామని ఒక యూనివర్సిటీ జవాబిచ్చింది. ఆ హామీ ఇచ్చేవారెవరు? చివరికి ఆమెకు దారి చూపినవాళ్లు, కొలంబియాలో ఒక శాస్త్రవేత్త దగ్గర సెక్రటరీగా కుదిర్చారు. అక్కడుంటే ఫీజు లేకుండా కొన్ని క్లాసులు వినొచ్చు. బదులుగా స్టెనోగ్రఫీ నేర్చుకోవాలి.

1941లో ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి టీచింగ్ అసిస్టెంట్‌గా రమ్మని ఉత్తరం వచ్చింది. ఆమె స్టెనోగ్రఫీ పుస్తకాలు చింపేశారు. వెళ్లి చూస్తే ఆ ఇంజినీరింగ్ కాలేజీలో దాదాపు 400 మంది అధ్యాపకులు, అసిస్టెంట్ల మధ్య ఆమె ఒక్కరే మహిళ. ఒక ల్యాబ్ కోర్సులో ‘ఏ’ బదులు ‘ఏ మైనస్’ రాగానే, ఆడవాళ్లకు ల్యాబ్ పని రాదనడానికి ఇదే రుజువని విభాగాధిపతి తేల్చేశారు. మిగతావన్నీ ‘ఏ’లే అన్న సంగతి ఆయనకు పట్టలేదు. అక్కడ మొదటి రోజే పరిచయమైన సహవిద్యార్థి ఆరన్ యాలోను 1943లో పెళ్లి చేసుకున్నారు. 1945లో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేతికొచ్చింది.

చీపుళ్ల గదిలో ప్రయోగశాల

న్యూయార్క్ తిరిగొచ్చి, చదువుకున్న హంటర్ కాలేజీలోనే ఫిజిక్స్ చెప్పారు. 1947 చివర్లో బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పార్ట్‌టైమ్‌గా చేరారు. రేడియోధార్మిక పదార్థాలను వైద్యంలో ఎలా వాడాలో పరిశోధించే పని అది. ప్రయోగశాలకు ఇచ్చిన చోటు పనివాళ్లు చీపుళ్లు, బకెట్లు పెట్టుకునే గది. పరికరాల్లో చాలావాటిని ఆమే డిజైన్ చేసుకున్నారు.

1950లో కాలేజీ ఉద్యోగం మానేసి పూర్తిగా ఆసుపత్రికి మారారు. తనకు ఫిజిక్స్ తెలుసు, గణితం తెలుసు. మనిషి శరీరం తెలిసిన తోడు కావాలి. ఆ ఏడాదే చేరిన డాక్టర్ సోలమన్ బెర్సన్ రూపంలో ఆ తోడు దొరికింది. ఆయన ఆమెకు వైద్యం నేర్పారు, ఆమె ఆయనకు ఫిజిక్స్ నేర్పారు. 22 ఏళ్లు సాగిన ఆ జోడీలో ఎవరి ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. ఇద్దరు పిల్లల తల్లిగా ఇంటి పనీ ఆమె వదల్లేదు. ఇల్లు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండేది. ఎన్నో రాత్రులు ల్యాబ్‌లోనే గడిచేవి.

ఎదురు తిరిగిన ఫలితం

ఇప్పుడు మనకు అవసరమైన అసలు కథలోకి వద్దాం. పెద్దవయసులో వచ్చే మధుమేహానికి కారణం, కాలేయంలోని ఒక ఎంజైమ్ ఇన్సులిన్‌ను మరీ వేగంగా నాశనం చేయడమేనని 1952లో డాక్టర్ ఆర్థర్ మిర్‌స్కీ ప్రతిపాదించారు. నిజమో కాదో చూద్దామనుకున్నారు యాలో, బెర్సన్. ఇన్సులిన్‌కు రేడియోధార్మిక అయోడిన్ అతికించి ఇంజెక్షన్ ఇచ్చారు. దాన్ని రక్తంలో వెతికి పట్టుకోవచ్చు, ఎంతసేపట్లో మాయమవుతుందో లెక్కించవచ్చు.

మిర్‌స్కీ మాట నిజమైతే మధుమేహుల్లో అది చప్పున మాయం కావాలి. జరిగింది పూర్తిగా వేరు. అంతకుముందు ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో అది ఎక్కువసేపు నిలిచిపోయింది. మధుమేహం లేకపోయినా మానసిక వ్యాధికి అప్పటి పద్ధతిలో ఇన్సులిన్ షాక్ చికిత్స పొందినవారిలోనూ అంతే. అంటే కారణం మధుమేహం కాదు, ఇంజెక్షనే. పశువుల నుంచి తీసిన ఆ ఇన్సులిన్‌ను పరాయిదిగా గుర్తించి, శరీరం దానిపై యాంటీబాడీలు తయారు చేసుకుంది. అవే ఇన్సులిన్‌ను పట్టుకుని వదలడం లేదు.

ఇన్సులిన్ లాంటి చిన్న ప్రొటీన్ మీద యాంటీబాడీలు పుట్టవన్నది అప్పటి పెద్దల నమ్మకం. రెండు ప్రముఖ పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పికొట్టాయి. శీర్షికలోంచి యాంటీబాడీ అనే మాట తీసేశాకే 1956లో వాటిలో ఒకటి అచ్చువేసింది. ఆ తిరస్కరణ ఉత్తరాన్ని యాలో పారేయలేదు. 21 ఏళ్ల తర్వాత నోబెల్ ఉపన్యాసంలో అందరికీ చూపించారు.

బస్సులో సీట్ల లెక్క

యాంటీబాడీ ఇన్సులిన్‌ను అంత గట్టిగా పట్టుకుంటుందంటే, దాన్నే కొలబద్దగా వాడొచ్చు కదా అని వాళ్లిద్దరికీ తట్టింది. అదెలాగో ఒక ఉదాహరణతో చూడండి.

50 సీట్ల బస్సు ఉందనుకోండి. ఎర్ర టోపీ పెట్టుకున్న 50 మంది ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. పోటీ లేకపోతే అందరూ కూర్చుంటారు. అదే సమయంలో టోపీ లేని జనం కూడా ఎగబడితే, కొన్ని సీట్లు వాళ్లకు పోతాయి. అన్ని ఎర్ర టోపీలు రోడ్డు మీద మిగిలిపోతాయి. టోపీ లేనివాళ్లు ఎంతమందో మీకు తెలియకపోయినా, బయట మిగిలిన టోపీలను లెక్కపెడితే అంచనా దొరుకుతుంది. ఇక్కడ సీట్లు యాంటీబాడీలు, ఎర్ర టోపీలు రేడియోధార్మిక ఇన్సులిన్. టోపీ లేనివాళ్లు మీ రక్తంలోని ఇన్సులిన్.

మాట సులువే, పని సులువు కాదు. పరగడుపున మిల్లీలీటరు రక్తంలో ఉండే ఇన్సులిన్, గ్రాములో వంద కోట్లో వంతు కన్నా తక్కువ. అంతకుముందు దాన్ని అంచనా వేయాలంటే ఎలుక కండరం ముక్క మీద రక్తం ప్రభావం చూడటం లాంటి మోటు పద్ధతులే దిక్కు. మనిషి ఇన్సులిన్‌ను గట్టిగా పట్టే యాంటీబాడీలను గినీ పందుల్లో తయారు చేయించి, 1959లో యాలో, బెర్సన్ మనిషి రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచి చూపారు. మరుసటి ఏడాది పూర్తి వివరాలు ప్రచురించారు. ఆ పద్ధతి పేరు రేడియో ఇమ్యునో అస్సే. దానికి పేటెంట్ తీసుకోలేదు. నేర్చుకోవాలని వచ్చినవారందరికీ నేర్పారు.

ఉన్నా పనిచేయని ఇన్సులిన్

కొలత చేతికి రాగానే ఒక విచిత్రం బయటపడింది. పెద్దవయసులో మధుమేహం వచ్చినవారికి గ్లూకోజ్ తాగించి చూస్తే, చాలామంది రక్తంలో ఇన్సులిన్ తక్కువగా లేదు. ఆరోగ్యవంతుల కన్నా ఎక్కువే ఉంది! అయినా చక్కెర దిగడం లేదు. అంటే లోటు ఇన్సులిన్‌లో లేదు, శరీరం దాని మాట వినకపోవడంలో ఉంది. మధుమేహుల్లో కొందరి శరీరం ఇన్సులిన్‌కు స్పందించదని లండన్ డాక్టర్ హెరాల్డ్ హిమ్స్‌వర్త్ 1936లోనే చెప్పారు. రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే సాధనం ఆయనకు లేదు. ఇప్పుడు అంకెలు దొరికాయి. మనం ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటున్నది దీన్నే.

బెర్సన్ 1968లో వేరే వైద్య కళాశాలకు వెళ్లినా పరిశోధన కలిసే సాగించారు. 1972లో గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశారు. తన ప్రయోగశాలకు యాలో ఆయన పేరే పెట్టించారు. తను రాసే ప్రతి వ్యాసం మీదా ఆ పేరు కనిపించాలని ఆమె కోరిక. డాక్టర్ పట్టా లేని ఆమె ఒంటరిగా ఏం చేయగలరన్న అనుమానాలు వచ్చాయి. ఆమె పనితోనే జవాబిచ్చారు. 1977లో వైద్యశాస్త్ర నోబెల్‌లో సగభాగం ఆమెను వరించింది. ఆ విభాగంలో నోబెల్ పొందిన రెండో మహిళ ఆమె. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు కాబట్టి బెర్సన్‌కు వాటా దక్కలేదు.

అండాశయం దాకా వచ్చిన దారి

పీసీఓఎస్‌ను 1935లో షికాగో డాక్టర్లు స్టీన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో గమనించి వర్ణించారు. చాలాకాలం పాటు దీన్ని అండాశయాల సమస్యగానే చూశారు. ఇన్సులిన్‌ను కొలిచే వీలు వచ్చాక చిత్రం మారింది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే పురుష హార్మోన్లు అంత ఎక్కువగా కనిపిస్తున్నాయని 1980లో అమెరికా పరిశోధకులు బర్గెన్, గివెన్స్, కితాబ్చీ చూపించారు.

ఎందుకలా? కండరాలు, కాలేయం మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. అండాశయం మాత్రం ఆ ఇన్సులిన్‌కు స్పందిస్తుంది. పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేస్తుంది. మరోవైపు, ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. ఫలితం మీకు తెలిసిందే. అండం సమయానికి విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. బరువు దీన్ని పెంచుతుంది. అయితే సన్నగా ఉన్నవారిలోనూ ఇది ఉండొచ్చని 1989లో ఆండ్రియా డ్యునైఫ్ బృందం పరీక్షలు చూపాయి. కాబట్టి మా అమ్మాయి సన్నగానే ఉంది కదా అని ఊరుకోవద్దు.

కొలత దొరికింది, గీత దొరకలేదు

ఇన్సులిన్‌ను కొలవగలుగుతున్నాం. మరి పీసీఓఎస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష చేయించాలా? అక్కర్లేదనే 2023 అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీసీఓఎస్‌లో ఇన్సులిన్ రెసిస్టెన్స్ ముఖ్య లక్షణమని అవి ఒప్పుకుంటాయి. కానీ మామూలు క్లినిక్‌లో దాన్ని కచ్చితంగా కొలిచే పరీక్ష లేదంటాయి. పీసీఓఎస్‌ను నిర్ధారించడానికీ ఇన్సులిన్ పరీక్ష అవసరం లేదు.

కారణాలు ఇవీ. ఇన్సులిన్ రక్తంలోకి ధారగా రాదు, అలలు అలలుగా వస్తుంది. కొన్ని నిమిషాల్లోనే సగం కరిగిపోతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే నమూనాలోని ఇన్సులిన్ తగ్గిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్కో కంపెనీ కిట్ ఒక్కో అంకె ఇస్తుంది. ఇంత దాటితే రెసిస్టెన్స్ అని ప్రపంచమంతా ఒప్పుకున్న గీత ఏదీ లేదు.

హోమా-ఐఆర్ అంటే పరగడుపు చక్కెరను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించడమే. 1985లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రూపొందించిన లెక్క అది. చక్కెర 90, ఇన్సులిన్ 9 అయితే జవాబు 2. అదే రక్తాన్ని వేరే కిట్ 13గా చూపిందనుకోండి, జవాబు దాదాపు 2.9. శరీరంలో ఏ మార్పూ రాలేదు, ల్యాబ్ మారిందంతే! వేల మందిని పోల్చి చూసే పరిశోధనలకు ఈ లెక్క పనికొస్తుంది. ఒక్క అమ్మాయి భవిష్యత్తును తేల్చడానికి సరిపోదు. కచ్చితమైన పద్ధతి క్లాంప్. గంటల తరబడి సెలైన్‌లా ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కిస్తూ చేస్తారు. అది పరిశోధనశాలలకే పరిమితం.

మరి చేయించాల్సిందేమిటి?

ఇన్సులిన్ కాదు, దాని మాట వినని చక్కెరను చూడాలి. పీసీఓఎస్ అని తెలిసినప్పుడే, వయసుతోనూ బరువుతోనూ సంబంధం లేకుండా 75 గ్రాముల గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష చేయించాలన్నది మార్గదర్శకాల సలహా. తర్వాత ముప్పును బట్టి ఏడాది నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చూస్తారు. పరగడుపు చక్కెర మామూలుగా ఉండి, రెండు గంటల తర్వాతి చక్కెర మాత్రం పెరిగేవారు పీసీఓఎస్‌లో ఎక్కువ. ఒక్క ఫాస్టింగ్ షుగర్‌తో సరిపెడితే వీళ్లు తప్పిపోతారు. ఇన్సులిన్ అంకె బాగుందని ధీమా పడి ఈ పరీక్ష మానేయడంలో ఉన్న ప్రమాదం ఇదే. గర్భం కోసం ప్రయత్నించేవారికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. ముందే చేయించలేదంటే గర్భం వచ్చాక డాక్టర్‌కు చూపించుకునే తొలిసారే, ఎలాగైనా 24-28 వారాల మధ్య మళ్లీ చేయించాలి.

ఫలితం ఇలా చదవండి. పరగడుపున 100 నుంచి 125, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 ఉంటే మధుమేహానికి ముందు దశ. పరగడుపున 126, రెండు గంటలకు 200, లేదా ఆపైన ఉంటే మధుమేహం. లక్షణాలు లేనివారిలో దీన్ని మరో పరీక్షతో ఖాయం చేసుకుంటారు. ఈ అంకెలు గర్భిణులకు వర్తించవు, వారికి వేరే హద్దులున్నాయి.

ఈ పరీక్ష వీలుకాకపోతే పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ చూస్తారు. రక్తహీనత ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. కాబట్టి హిమోగ్లోబిన్ తక్కువుంటే డాక్టర్‌కు చెప్పండి. బీపీ, కొలెస్ట్రాల్, నడుము చుట్టుకొలత కూడా చూపించుకోవాలి. మన దేశపు స్త్రీలలో నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారుతోందా? అది మురికి కాదు. సున్నిపిండితో రుద్దితే పోదు. ఇన్సులిన్ పెరిగిందని శరీరం చెప్పే గుర్తు అది కావచ్చు.

చికిత్సలో తొలి మెట్టు ఇన్సులిన్ అంకెను బట్టి మారదు. నడక, కండరాలకు పని చెప్పే వ్యాయామం, సమతుల ఆహారం, తగినంత నిద్ర అందరికీ అవసరమే. మెట్‌ఫార్మిన్ లాంటి మందులు కావాలో వద్దో డాక్టర్ మొత్తం పరిస్థితి చూసి నిర్ణయిస్తారు.

యాలో 1991లో పదవీ విరమణ చేశారు. 2011 మే 30న, 89వ ఏట, పుట్టిన న్యూయార్క్ నగరంలోనే కన్నుమూశారు. పుట్టిన బిడ్డల్లో థైరాయిడ్ లోపాన్ని పట్టడం నుంచి, దానంగా ఇచ్చిన రక్తంలో హెపటైటిస్ బి వైరస్‌ను పసిగట్టడం దాకా ఆమె పద్ధతి దారి చూపింది. ఈనాటి ల్యాబ్‌ల్లో రేడియోధార్మిక పదార్థం స్థానంలో వెలుగునిచ్చే రసాయనాలు వచ్చాయి. యాంటీబాడీతో పట్టి కొలవడమన్న మూలసూత్రం మాత్రం అదే. అందరూ నమ్మినదాన్ని కాక, కొలిచి చూసినదాన్నే ఆమె నమ్మారు. మీరూ రిపోర్టు చేతికి రాగానే అంకె వైపు చూసే ముందు, అది దేన్ని కొలిచిందో, దాన్ని బట్టి చికిత్సలో ఏం మారుతుందో డాక్టర్‌ను అడగండి.

గ్లూకోజ్ పరీక్షకు వెళ్తున్నారా?

• ముందు మూడు రోజులు రోజూ తినే భోజనమే తినండి. అన్నం మానేసి వెళ్తే ఫలితం తప్పుగా రావచ్చు.
• రాత్రి కనీసం 8 గంటలు ఏమీ తినొద్దు. మంచినీళ్లు తాగొచ్చు. కాఫీ, టీ వద్దు.
• 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీటిని 5 నిమిషాల్లో తాగేయాలి. తాగడం మొదలుపెట్టిన సమయం రాసుకోండి. సరిగ్గా రెండు గంటలకు మళ్లీ రక్తం ఇవ్వాలి.
• ఆ రెండు గంటలూ కూర్చునే ఉండండి. నడకలు, టిఫిన్లు వద్దు. వాంతి అయితే సిబ్బందికి చెప్పండి, పరీక్ష మరో రోజుకు మార్చాల్సి రావచ్చు.
• ఇడ్లీ తిని వెళ్లి ఇచ్చే పోస్ట్ ప్రాండియల్ షుగర్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. చీటీ మీద ఏ పరీక్ష రాశారో చూసుకోండి.
• మెట్‌ఫార్మిన్, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా ఆపేయొద్దు.